తూకం నాటి కోటు

కుట్టు విప్పడానికి ఆమె బ్లేడు వాడదు. బ్లేడుకు దారమేదో బట్టేదో తెలియదు. సన్నకత్తెర మొన దారం కిందికి పోనిచ్చి, అక్కడొక కుట్టూ ఇక్కడొక కుట్టూ తెంపి, రెండో వైపు నుంచి కొస పట్టి లాగితే బట్టకు తెలియకుండా కుట్టు ఊడి వస్తుంది. రెడీమేడ్ దుకాణానికి సైజులు సరిచేసి ఇచ్చే పనిలో ఆమె వయసు సగం గడిచింది. ఒళ్లు చేసినవాళ్ల బట్టలు వదులు చేసింది, చిక్కినవాళ్ల బట్టలు బిగించింది. ఏ బట్ట ఎవరిదో ఆమెకు తెలిసేది కాదు. తెలుసుకోవలసిన అవసరమూ ఉండేది కాదు. ఇప్పుడు ఒళ్లో ఉన్న ప్యాంటు ఎవరిదో తెలుసు.

పక్క గదిలో భర్త నిద్రపోతున్నాడు. మధ్యాహ్నం మాత్ర వేసుకున్నాక ఆయనకు కాసేపు కునుకు పడుతుంది. ఆ కాసేపే ఆమె పనివేళ. మిషను తొక్కితే చప్పుడవుతుంది కనుక చేత్తోనే, మిషను కుట్టులా కనబడే వెనక్కుట్టు వేస్తుంది. నడుం పట్టీని వెనక మధ్యలో విప్పి, వేలెడు లోపలికి మడిచి, మళ్లీ కుట్టి, ఇస్త్రీపెట్టె ఆనించి, తడిగుడ్డతో మడత ఆనవాలు చెరిపేస్తుంది. చొక్కాలైతే పక్క కుట్లలో తీస్తుంది. బెల్టుకు కొత్త చిల్లు పడిన రోజున ఆయన అద్దం ముందు నిలబడి ఆ చిల్లును వేలితో తడుముకున్న తీరు ఆమె కంటబడింది. ఆ మర్నాటి నుంచి ఆయనకు బెల్టు అవసరం లేకుండా చేసింది.

సూది ఇవాళ మాట వినడం లేదు. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. స్కాన్ సంగతి ఉదయమే చెప్పారు.

చెప్పింది ఆమెకూ కాదు, ఆయనకూ కాదు. డాక్టరమ్మ తెర వంక చూసి, కళ్లజోడు తీసి, "మీరు బయట కాస్త రెస్టు తీసుకోండి పెద్దాయనా. అమ్మా, మీరు ఆయన దగ్గరుండండి" అన్నది. ఆ మాట మర్యాదగానే అన్నది. మర్యాదగా అన్న మాటకు ఎదురు చెప్పడం కష్టం. లోపల ఆయన అన్నగారు మిగిలాడు. రిటైరైన హెడ్మాస్టరు. మొదటి రోజు నుంచీ అంతే. కడుపులో గడ్డ ఒకరిది, నలభై ఏళ్లుగా పక్కన పడుకున్నది ఒకరు, విషయం తెలిసేది మూడో మనిషికి. మగవాడు, పెద్దవాడు, అదరడు బెదరడు అని అందరూ అనుకునే మనిషికి.

బయట బెంచీ మీద భర్త కోటు దగ్గరగా లాక్కుని కళ్లు మూసుకున్నాడు. ఆసుపత్రి చలికి ఆయన ఎప్పుడూ ఆ ముదురు బూడిదరంగు కోటే వేసుకుంటాడు. రక్తం తీసే నర్సు అటుగా పోతూ ఆగింది. "ఈసారీ నోరు పూసిందా అమ్మా?"

"నీళ్లు తాగినా మంట అంటున్నారు. అరికాళ్లు మొద్దుబారాయి. మొన్నైతే స్నానాల గది దాకా నడవలేకపోయారు."

"ఇంతలా పూయకూడదే" అన్నది నర్సు, తనలో తాను అనుకుంటున్నట్టుగా. "మందు మనిషి బరువును బట్టే కదా కలిపేది. అందుకేగా ప్రతిసారీ తూచేది. కొందరి ఒంటితత్వం అంతేలెండి."

హెడ్మాస్టరు బయటికి వచ్చి, ఫలితాలు బోర్డు మీద అంటించే ముందు చేసినట్టు గొంతు సవరించుకున్నాడు. "పర్లేదురా. మచ్చ ఒకటి ఉంది. అది జబ్బు కావచ్చు, మందు వల్ల వచ్చిన వాపూ కావచ్చు. పెరిగిందనీ చెప్పలేరట, తగ్గిందనీ చెప్పలేరట. బరువు నిలబడింది కాబట్టి వాపే అనుకుంటున్నారు. గురువారం తూకం చూసి మందు ఎక్కిస్తారు. బరువు తగ్గకపోతే పాసే!"

"పాసైతే ఏ క్లాసన్నయ్యా?" అన్నాడు భర్త కళ్లు తెరవకుండానే.

"నీ మొహం! ధైర్యంగా ఉండు. మనసు గట్టిగా ఉంటే సగం జబ్బు పోతుంది."

మిగతా సగం ఎక్కడికి పోతుందో ఆమె అడగలేదు. బరువు నిలబడింది అన్న మాట మాత్రం చెవిలో రాయిలా పడి ఉండిపోయింది. నెల తిరగకుండా తాను వేలెడు చొప్పున లోపలికి మడుస్తున్న ఆ నడుం ఎవరిది మరి? అంత పెద్ద ఆసుపత్రి, అంత ఖరీదైన యంత్రం. దాని మాట కాదని తన వేళ్ల మాట నమ్మడానికి ఆమెకు భయం వేసింది. నమ్మకపోవడానికీ భయంగానే ఉంది.

మంగళవారం సాయంత్రం ఆయనను వీధి మలుపు దాకా నడిపించింది. నడక మంచిదన్నారు. ఆయన ఒక చెయ్యి ఆమె భుజం మీద వేసి, పిల్లవాడికి నడక నేర్పుతున్నది తానే అన్నంత దర్జాగా నడిచాడు. మలుపులో కిరాణా కొట్టు ఆసామి బెల్లం పూసిన గొంతుతో ఎదురొచ్చాడు.

"రండి రండి ఇన్‌స్పెక్టరుగారూ! మీరు మంచమెక్కారని వీధిలో కాటాలన్నీ ఒళ్లు విరుచుకుంటున్నాయి. వచ్చెయ్యండి బాబూ, లేకపోతే వాటికి అదుపుండదు."

భర్త ముఖంలోకి కొంచెం రక్తం వచ్చింది. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఈ వీధుల్లో ఆయన పట్టుకోని దొంగ తూకం లేదు. ఈ ఆసామి తక్కెడను కూడా ఒకసారి పట్టుకుపోయాడు. ఇప్పుడు బల్ల మీద ఉన్న ముల్లు కాటా దగ్గరికి వెళ్లి, ఖాళీ పళ్లెంకేసి తేరిపార చూశాడు. ముల్లు సున్నాకు అటూ ఇటూ ఊగుతోంది.

"చెయ్యి తియ్యి."

"ఏంటి సార్?"

"బల్ల మీద నుంచి చెయ్యి తియ్యి. ముల్లు ఊగుతున్నప్పుడు బల్ల ముట్టుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాను నీకు? నువ్వు ఊపిరి గట్టిగా వదిలినా దానికి తెలుస్తుంది."

ఆసామి రెండు చేతులూ పైకెత్తి నవ్వాడు. "చూశారా అమ్మా, పెద్దపులికి జ్వరమొచ్చినా గోళ్లు మెత్తబడవు. మనిషి కూడా చెక్కు చెదరలేదు! జబ్బంటే నేనెలాగో ఊహించుకున్నాను. బట్టలు కూడా వదులవలేదు."

"చూశావా" అన్నాడు భర్త ఆమె వైపు తిరిగి. ఆ కళ్లలో గర్వం ఉందో, మరేదైనా ఉందో ఆమె చూడలేదు. చెప్పులకేసి చూస్తూ నిలబడింది. తన కుట్టు పని ఇంత నాణ్యంగా ఉన్నందుకు జీవితంలో మొదటిసారి సిగ్గుపడింది.

బుధవారం మధ్యాహ్నం కోటు తీసింది. దాన్ని ఇన్నాళ్లూ ముట్టుకోలేదు. అది ఎప్పుడూ తలుపు వెనక కొక్కేనికే ఉండేది. ఆయనే తీసుకుని, ఆయనే వేసుకుని, తిరిగొచ్చాక ఆయనే తగిలించేవాడు. ఆమె పట్టుకోబోతే "నాకు చేతులు లేవా?" అని విసుక్కునేవాడు. కానీ సోమవారం బెంచీ మీద కోటు భుజాలు ఆయన భుజాలు దాటి జారుతున్నాయి. గురువారం నాటికి అది సరిచేయాలి. కోటు భుజం బిగించడం ప్యాంటు నడుం బిగించినంత తేలిక కాదు. ముందు లోపలి అస్తరు విప్పి చెయ్యి పెట్టాలి.

కోటు తిరగేసి ఒళ్లో పరుచుకుంది. వేళ్లు అస్తరు మీద నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగాయి.

అక్కడ ఒక కుట్టు ఉంది. తన కుట్టు కాదు, కోటు కుట్టిన దర్జీ కుట్టూ కాదు. నల్లదారం రెండు పేటలు వేసి, ఒక్కో కుట్టూ ఒక్కో పొడవున, చివర గొడ్డును కట్టేసినట్టు ముడి మీద ముడి వేసి కుట్టిన కుట్టు. అస్తరు లోపల ఒక సంచీ. పాత లుంగీ గుడ్డను నాలుగు మడతలు పెట్టి చేసిన సంచీ. అడుగున కుట్టు రెండు వరసలు. ఆమె రెండో పక్క తడిమింది. అక్కడా సరిగ్గా అంతే ఎత్తున, అంతే దూరాన, అలాంటిదే మరొకటి. రెండూ ఖాళీ. వేలు లోపలికి పెట్టి తీస్తే వేలి కొనకు సన్నటి పచ్చని చిలుము అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇత్తడి వాసన.

ఆమె లేచి షోకేసు మీద నుంచి కర్రపెట్టె దించింది. ఉద్యోగం దిగిపోయేటప్పుడు శాఖకు పనికిరాని పాత తూనికరాళ్ల సెట్టు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు ఆయన. ఎర్ర మఖమలు పరిచిన గుంటల్లో పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా ఇత్తడి రాళ్లు వరసగా కూర్చుని ఉంటాయి. అన్నీ ఉన్నాయి. పెద్దరాయి ఒకటి తీసి కోటు సంచీలోకి జార్చింది. మఖమలు గుంటలో కూర్చున్నట్టే కూర్చుంది. దాని జతను తీసి రెండోవైపు వేసింది. కొక్కేనికి తగిలించింది. కోటు ఏ పక్కకూ ఒరగకుండా, మనిషి వేసుకున్నంత నిటారుగా వేలాడింది.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. పట్టుబడిన దొంగతనం మీద కోపం రావలసింది. రాలేదు. వచ్చింది నర్సు మాట. మందు మనిషి బరువును బట్టే కలుపుతారు. ఇన్నిసార్లూ కలిపిన మందు ఈ ఇంట్లో పడుకున్న మనిషి ఒక్కడికే కాదు. ఆయన ఒంటి మీద నుంచి కరిగిపోయి, ఇక లేని మనిషికి కూడా కలిపి కొలిచింది. ఇద్దరి మందూ ఒక్కడి నరాల్లోకి పోయింది. నోరు పూయదా? కాళ్లు మొద్దుబారవా?

రేపు మళ్లీ తూకం.

చెబితే? మనిషి చిక్కిపోయాడని తెలుస్తుంది. అప్పుడు ఆ మచ్చ వాపు కాకుండా పోతుంది. మందు దండగని ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే? ఈసారి మందు ఆయన్ని స్నానాల గది దాకా కూడా వెళ్లనివ్వదు. రెండు వైపులా సరిసమానంగా బరువు పెట్టిన తక్కెడలా ఆమె భయం ఎటూ మొగ్గకుండా నిలబడింది.

సాయంత్రం హెడ్మాస్టరు పేపరు చంకన పెట్టుకుని వచ్చాడు. ఆమె ఆయన్ని వంటింట్లోకి పిలిచింది. కోటు సంగతి, నర్సు చెప్పిన సంగతి, తాను నెలల తరబడి బట్టలు బిగిస్తున్న సంగతి వరసగా, ఏదీ తగ్గించకుండా చెప్పింది. జావ గిన్నె పొంగబోతే మంట తగ్గించి, గరిటె తిప్పుతూనే చెప్పింది. అంతా విన్నాక ఆయన గోడకు ఆనుకున్నాడు.

"మందు బరువును బట్టి కలుపుతారని మీకు తెలుసా బావగారూ?"

"మొదటి రోజే చెప్పింది డాక్టరు. అదేం పెద్ద విషయమని... నాకు గుర్తున్నదల్లా, బరువు బాగా పడిపోతే మందు ఆపేస్తామన్న మాట."

"ఆ మాట కూడా మాకు చెప్పలేదు."

"చెప్పి వాణ్ణి భయపెట్టమంటావా?" ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, నా మాట విను. రేపొక్కరోజు ఊరుకో. రేపు బరువు తగ్గిందని తేలితే వాళ్లు ఆ మచ్చకు పేరు పెట్టేస్తారు."

"మనం పేరు పెట్టకపోతే అది లేకుండా పోతుందా?"

"నీకేం తెలియదు. వాడు నా తమ్ముడు."

ఆమె గరిటె గిన్నె అంచున ఆనించింది. "తమ్ముడే. కాదన్నదెవరు? ఆ తమ్ముడి నోరు ఎంతమేర పూసిందో ఒక్కసారైనా తెరిపించి చూశారా? రోజూ బ్యాటరీలైటు వేసి చూసేది నేను."

"వంటింట్లో పరీక్ష పేపర్లు ఎవరు దిద్దుతున్నారు?" పక్కగదిలో నుంచి వినబడింది. "నాక్కూడా నాలుగు మార్కులు వెయ్యండి."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. భర్త మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎదురుగా తలుపు వెనక కోటు. అది నిటారుగా వేలాడుతున్న తీరు ఆయన చూశాడు. రాళ్లు తీసేయడం తాను మరిచిపోయిందని ఆమెకు అప్పుడు తట్టింది.

"దొరికిపోయాను" అన్నాడు.

"ఎందుకు చేశారండీ?"

"మొదటి రోజు నన్ను బయట కూర్చోబెట్టారు కదా. నువ్వు మంచినీళ్లకు వెళ్లావు. తలుపు సరిగా పడలేదు. తూకంలో తప్పితే ఇంటికి పంపేస్తామని అన్నయ్యతో చెబుతోంది ఆవిడ. నాకు చెప్పి ఉంటే, ఎందుకు తూస్తారని అడిగేవాణ్ణి. నాకు చెప్పలేదుగా. దొంగచాటుగా విన్నవాడు దొంగచాటుగానే బతకాలి." కాస్త ఆగి ఆమెకేసి చూశాడు. "నువ్వు మాత్రం తక్కువ తిన్నావా?"

"నేనేం చేశాను?"

"నడుం బిగువుగా ఉంటే నాకు తెలియదనుకున్నావా? నా వెనక జేబులు రెండూ ఒకప్పుడు ఎడమొహం పెడమొహంగా ఉండేవి. ఇప్పుడు పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాయి. రుమాలు తీయబోతే చెయ్యి పక్క జేబులోకి పోతోంది."

వెనక మధ్యలో మడిస్తే జేబులు దగ్గరవుతాయి. ఆ పని మొదలుపెట్టినవాళ్లకు చెప్పే మొదటి జాగ్రత్త అది. భయంలో ఆమె మరిచిపోయిన సంగతి అదొక్కటే.

"మరి ఎందుకు అడగలేదు?"

"నువ్వు అంత కష్టపడి కుడుతున్నావు. నేను చూడనట్టు ఉంటే నీకు కాస్త నిబ్బరంగా ఉంటుందనుకున్నాను."

హెడ్మాస్టరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె మంచం అంచున కూర్చుంది. నర్సు మాట చెప్పింది. మందు ఎలా కొలుస్తారో, ఇన్నాళ్లూ ఎంత ఎక్కువ కొలిచి ఉంటారో, నోరు ఎందుకు పూసిందో నెమ్మదిగా, ఒక్కో కుట్టూ విప్పినట్టు చెప్పింది. ఆయన వింటూ వింటూ అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"సర్వీసంతా తక్కువ తూచినవాళ్లనే పట్టుకున్నాను. ఎక్కువ తూచినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు" అన్నాడు. నవ్వబోయాడు. పెదవి పగిలిన చోట మండి ఆగిపోయాడు. "ఆపేస్తారా?"

"నాకు తెలియదండీ."

"భయంగా ఉందే."

జబ్బు వచ్చాక ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరూ ధైర్యాన్ని అతిథిలా కూర్చోబెట్టి మేపారు. "నాకూ భయంగానే ఉంది" అన్నది ఆమె. రేపు ఏం చేస్తారని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

గురువారం ఉదయం ఆయన కోటు తానే తీసుకుని, గోడ పట్టుకుని తొడుక్కున్నాడు. ఆమె మంచినీళ్ల సీసా సంచీలో పెడుతూ కర్రపెట్టె వైపు చూసింది. మూత వేసి ఉంది. తెరిచి చూడవచ్చు. చూడలేదు. కానీ వీధిలోకి వచ్చాక గాలి బలంగా వీచింది. అన్నగారి చొక్కా అంచులు ఎగిరాయి. ఆమె చేతిలోని రుమాలు ఎగిరింది. ఆయన కోటు అంచు కదలలేదు.

కారులో దారి పొడుగునా ఆమె ఆ అంచునే చూస్తూ కూర్చుంది. తానే చెప్పాలి. తూకపు గది తలుపు దాటగానే చెప్పాలి. చెప్పబోయే వాక్యాన్ని లోలోపల పేర్చుకుంటుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోతోంది. తన నోటితో తన మొగుణ్ణి ఇంటికి పంపించమని అడగడమే కదా అది.

తూకపు గది ఇరుకైనది. నర్సు యంత్రం దగ్గర నిలబడి, "రండి పెద్దాయనా, ఎప్పటిలాగే కోటుతోనే ఎక్కండి, ప్రతిసారీ అదే కోటుగా, తేడా ఏం రాదు" అన్నది. ఆయన అన్న తలుపు దగ్గర ఆగిపోయి నేలకేసి చూస్తున్నాడు. భర్త ఒక కాలు యంత్రం మీద పెట్టాడు. ఆమె నోరు తెరిచింది.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

ముందు ఎడమ చెయ్యి, తరవాత కుడి చెయ్యి. భుజం నొప్పికి పళ్లు బిగించి కోటు విప్పాడు. సాయం చేయబోయిన నర్సును తల ఊపి వారించాడు. మడిచి భార్యకు అందించాడు. కోటు చేతుల్లో పడగానే ఆమె మోచేతులు కిందికి దిగిపోయాయి. ఇన్ని నెలలు ఈ బరువు మోసుకుని ఈ మనిషి ఈ గదిదాకా ఎలా నడిచాడు?

"ఇది ఇన్ని రోజులూ నాతో పాటు తూగింది సిస్టర్. ఇవాళ్టి నుంచి నేనొక్కణ్ణే" అన్నాడు. "ముందు సున్నా చూపించండి."

నర్సు ఆమెకేసి, కోటుకేసి చూసి, యంత్రాన్ని సున్నాకు తెచ్చింది. ఆయన ఎక్కి నిలబడ్డాడు. పక్క కుట్లు ఎంత లోపలికి తీసినా, కోటు లేని చొక్కాలో మనిషి దాగలేదు. అంకె వచ్చింది. నర్సు రాసుకుని, మరొకసారి యంత్రంకేసి చూసి, డాక్టరును పిలవడానికి గబగబా వెళ్లింది.

డాక్టరమ్మ గదిలో ఆమె రాళ్ల సంగతి చెప్పింది, బట్టల సంగతి చెప్పింది. ఏదీ మిగల్చలేదు. డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "ఎంత ప్రమాదమో తెలుసా?" అన్నది.

"తెలియదమ్మా. చెప్పినవాళ్లు లేరు" అన్నది ఆమె. గొంతు పెంచలేదు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి, అలవాటు ప్రకారం హెడ్మాస్టరు వైపు తిరిగింది. "మీరొక్కసారి ఉండండి. పెద్దాయన్ని బయట..."

"బయట నేను కూర్చుంటానండీ" అన్నాడు హెడ్మాస్టరు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేయబోయి, ఆ భుజం ఎంతలా మిగిలిందో చూసి, చెయ్యి గాలిలోనే ఆపాడు. మరదలి చేతిలో నుంచి కోటు తీసుకున్నాడు. దాని బరువుకు ఒక్క అడుగు తూలాడు. తలుపు తీసుకుని వెళ్లి, రోజూ తమ్ముడు కూర్చునే బెంచీ మీద కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తలుపు ఈసారి పూర్తిగా పడింది.

డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని, తెరను వాళ్లిద్దరి వైపు తిప్పింది. బూడిదరంగు పొరల మధ్య ఒక నలుసు. వాటికంటే చీకటిదీ కాదు, తేటదీ కాదు. "బరువు ఇంత తగ్గిందంటే ఇది జబ్బయ్యే అవకాశం నేననుకున్నదాని కంటే ఎక్కువ" అన్నది. డాక్టరమ్మ ఇప్పుడు ఆయన కళ్లలోకి చూసి మాట్లాడుతోంది. "కానీ ఎక్కువ మందు పడింది కాబట్టి వాపు కూడా ఎక్కువే ఉండొచ్చు. నిజంగా నాకే తెలియదు. ఇవాళ మందు వద్దు. ముందు నోరు మానాలి. ఆ మచ్చలో చిన్న ముక్క తీసి చూద్దాం. అప్పుడు, మీ అసలు బరువుకు ఎంత మందు తట్టుకుంటారో, అసలు కావాలో వద్దో, మీరూ నేనూ కలిసి మాట్లాడుకుందాం."

"ఇంటికి పంపేస్తారా?" అని అడిగాడు ఆయన.

"అది ఇవాళ చెప్పలేను."

ఆయన తల ఊపాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కుర్చీలోనే ముందుకు వంగి, ఆ నలుసుకేసి చూస్తూ ఉండిపోయాడు. ఊపిరి కూడా మెల్లిగా వదులుతున్నాడు. ఆమెకు తన చెయ్యి డాక్టరమ్మ బల్ల మీద, తెరకు దగ్గరగా ఆని ఉందని స్పృహ కలిగింది. చప్పుడు చేయకుండా తీసి ఒళ్లో పెట్టుకుంది.